వాట్సాప్‌లో వచ్చిన టైటిల్ డీడ్‌ను నమ్మొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అబ్బాయి పదకొండేళ్లుగా దుబాయ్‌లో ఏసీ మెకానిక్. అక్కడ కడుతున్న ఒక బిల్డింగ్‌లో చిన్న ఫ్లాట్ తీసుకుంటానంటున్నాడు. పూర్తి కావడానికి ఇంకా రెండేళ్లు పడుతుందట. పసుపు మీద దాచిన 12 లక్షలు నన్ను పంపమన్నాడు. ఏజెంటు టైటిల్ డీడ్, అంటే హక్కు పత్రం, ఫొటో పంపి, అడ్వాన్స్ తన ఖాతాలోనే వేయమంటున్నాడు. అరబ్బీ కాగితం చూస్తే నాకేం తెలుస్తుంది? టెన్షన్‌గా ఉంది.
– ఒక రైతు, కోరుట్ల

జవాబు: అన్నా, ముందు ఆ అడ్వాన్స్ ఆపండి.

కట్టడం పూర్తికాని ఫ్లాట్‌కు టైటిల్ డీడ్ పుట్టదు. ఏజెంటు పంపింది బిల్డర్ పేరున ఉన్న స్థలానిది కావచ్చు, ఇంకో ఫ్లాట్‌ది కావచ్చు. ఏదైనా మీవాడి ఫ్లాట్‌కు అది పనికిరాదు. కడుతున్న ఫ్లాట్లను దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ తాత్కాలిక రిజిస్టర్‌లో ఎక్కిస్తుంది. అక్కడివాళ్లు దాన్ని 'ఒకూద్' అంటారు. 2008 నాటి 13వ నంబరు చట్టం ప్రకారం అందులో ఎక్కని అమ్మకం చెల్లదు.

మా నాన్న హన్మకొండలో ఒక ప్లాటుకు జిరాక్స్ చూసి డబ్బిచ్చారు. అమ్మినాయన అంతకుముందే దాన్ని ఇంకొకరికి రిజిస్ట్రేషన్ చేసిచ్చాడు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద అంతకుముందు జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం, తీసి ఉంటే ఒక్క పూటలో బయటపడేది. కాగితాల సంచి పట్టుకుని నాన్న ఏడేళ్లు కోర్టు మెట్లెక్కారు. ఆయన్ని అలా చూసే నేను లా చదివాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మన దగ్గర రిజిస్ట్రేషన్ అయినా హక్కుకు పూర్తి భరోసా లేదు. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల కాగితాలు) వెతికేది అందుకే. దుబాయ్‌లో 2006 నాటి 7వ నంబరు చట్టం రిజిస్టర్‌కే తిరుగులేని విలువ ఇచ్చింది. కాబట్టి కాగితాన్ని పక్కనపెట్టి రిజిస్టర్‌ను చూడాలి. అబ్బాయి అక్కడే ఉండటం మీకు పెద్ద బలం. 'దుబాయ్ రెస్ట్' యాప్‌లో ప్రాజెక్టు పేరు కొట్టి, అది రిజిస్టర్ అయిందో లేదో, పని ఎంతవరకు వచ్చిందో చూడమనండి. ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో కూడా తేలిపోతుంది. బయటి దేశాలవాళ్లు సొంతంగా కొనుక్కునే ప్రాంతాలు అక్కడ వేరుగా ఉంటాయి, ఆ బిల్డింగ్ వాటిలో ఉందా అనేదీ అడగాలి. సంతకానికి ముందు అరబ్బీ భాగాన్ని లైసెన్స్ ఉన్న అనువాదకుడితో చదివించుకోవాలి.

ఇక డబ్బు. నాకు అన్నిటికంటే భయం వేసింది 'తన ఖాతాలో' అన్న మాటకే. 2007 నాటి 8వ నంబరు చట్టం ప్రకారం కొనేవాళ్ల సొమ్ము ఆ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ ప్రాజెక్టు కోసమే విడిగా ఉంచే బ్యాంకు ఖాతాలో, పడాలి. ఏజెంటు ఎంత మంచివాడైనా సరే, అతని చేతికి వద్దు.

మీ 12 లక్షలు బ్యాంకు నుంచే పంపండి, హుండీ (బ్యాంకు బయట డబ్బు పంపే దొంగదారి) జోలికి పోవద్దు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. 10 లక్షలు దాటిన 2 లక్షల మీద 20 శాతం, అంటే 40 వేలు టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) కింద బ్యాంకువాళ్లు పట్టుకుంటారు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేస్తే కట్టాల్సిన పన్ను పోను మిగతాది వెనక్కి వస్తుంది. దుబాయ్‌లో రిజిస్ట్రేషన్ ఫీజు ఫ్లాట్ ధరలో 4 శాతం, అదీ లెక్కలో వేసుకోండి.

ఒకూద్‌లో ఎక్కినట్టు ఇచ్చే కాగితం చేతికి రాగానే ఫ్లాట్ నంబరు, అబ్బాయి పేరు చూడండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, అక్షరం తేడా లేకుండా ఉండాలి.