గ్లాస్ ఊడిన రియాక్టర్ గురించి మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. రసాయనాలు కలిపే ఆ స్టీలు రియాక్టర్ లోపలి గాజు పూత (గ్లాస్) రూపాయి బిళ్ళంత లేచిపోయి కింద ఇనుము కనిపిస్తోంది, ప్రొడక్షన్ వాళ్ళేమో ఎపాక్సీ (జిగురు లాంటి రెజిన్) పూసి రేపటికల్లా ఇచ్చేయమంటున్నారు. ఇవ్వకు. గ్లాస్ మందం మహా అయితే 2 మిల్లీమీటర్లు, దాని వెనక ఉన్నది మామూలు కార్బన్ స్టీలే, హైడ్రోక్లోరిక్ ఆమ్లం దొరికిన చోటల్లా జాకెట్ (వేడి చేయడానికి, చల్లబరచడానికి బయట ఉండే తొడుగు) వైపు తొలుచుకుంటూ పోతుంది. ఆ ఎపాక్సీ సాల్వెంట్‌లో ఉబ్బి ఎప్పుడు ఊడిందో కూడా నీకు తెలియదు, బ్యాచ్‌లో ఐరన్ పెరిగిందని నాణ్యత చూసే క్యూసీ వాళ్ళు ఫోన్ చేసేదాకా.

ముందు ఎందుకు పోయిందో చూడు. మ్యాన్‌హోల్ లోంచి స్పానర్ పడితే దెబ్బ చుట్టూ నక్షత్రంలా పగుళ్ళుంటాయి. టోలుయిన్, హెక్సేన్ లాంటి సాల్వెంట్లు జోరుగా కలిపితే స్టాటిక్ కొట్టి సూదిబెజ్జం పడుతుంది. కాస్టిక్ (సోడా క్షారం) వేడిగా వాడితే ఊడదు, మెరుపు పోయి గరుకుతేలుతుంది. నెలవంకల్లా పెచ్చులు లేస్తున్నాయంటే మాత్రం జాకెట్ వైపు అనుమానించు. ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే. జీడిమెట్లలో పనిచేసే రోజుల్లో జాకెట్‌లో స్కేల్ పేరుకుందని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడగడానికి నేనే సరేనన్నాను. ఆమ్లం స్టీలుని తింటే పుట్టే హైడ్రోజన్ స్టీలు గోడ దాటి లోపలికొచ్చి గ్లాసుని వెనకనుంచి నెడుతుందని అప్పుడు తెలీదు. ఇక్కడ ప్లగ్ వేస్తే పక్కన ఊడింది, చివరికి వెసెల్ మొత్తం మళ్ళీ గ్లాసింగ్‌కి పంపాం. మీ వాళ్ళు ఈ మధ్య జాకెట్ దేంతో కడిగారో అడుగు.

ఇక లోపలికి దిగే సంగతి. నైట్రోజన్ లైన్ వాల్వ్ మూస్తే చాలదు, బ్లైండ్ (పైపుకి అడ్డంగా బిగించే రేకు) పెట్టించు. లోపల తిరిగి కలిపే ఎజిటేటర్ ఫ్యూజులు తీయించి నీ తాళం వేసుకో. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువుంటే దిగకు, పైన మనిషి లేకుండా అసలు దిగకు, వాడు టీకి పోయినా నువ్వు పైకి రా. జేబులో పెన్ను, ఫోన్ ఏమీ ఉండకూడదు. అరికాలికి ఇసుక అంటని రబ్బరు చెప్పులు వేసుకో.

గ్లాసులో కనపడని చిల్లులు పట్టే స్పార్క్ టెస్టర్ పెట్టేముందు సాల్వెంట్ ఆవిరి సున్నా అని మీటర్‌లో చూసుకోవాలిరా, అది నిప్పురవ్వే కదా! ఫ్యాక్టరీలో కొత్త వెసెల్‌కి 20 కిలోవోల్టులు పెడతారు, వాడిన దానికి అంత పెడితే బాగున్న గ్లాసుకి నువ్వే చిల్లు పెడతావు. తయారీదారు మాన్యువల్‌లో ఉన్నంతే పెట్టు.

రూపాయి బిళ్ళంత దెబ్బకి ట్యాంటలమ్ (ఆమ్లానికి తట్టుకునే లోహం) ప్లగ్ సరిపోతుంది. ఉలి, సుత్తి దగ్గరికి రానీకు, వదులు పెచ్చుని గ్రైండింగ్ రాయితో మెల్లగా తీసి గట్టి గ్లాస్ దాకా వెళ్ళు. మిగిలిన స్టీలు మందం అల్ట్రాసోనిక్‌తో కొలిచి, డ్రిల్‌కి స్టాప్ కట్టుకుని బెజ్జం వెయ్యి, లేదంటే జాకెట్‌లోకి దూసుకుపోతుంది. బెజ్జంలో మరలు కోసి (ట్యాప్ కొట్టి), గుంటని సిమెంటుతో నింపి, టెఫ్లాన్ గాస్కెట్, ట్యాంటలమ్ డిస్కు, స్టడ్డు పెట్టి బిగింపు బలం కొలిచే టార్క్ రెంచితోనే బిగించు. గాస్కెట్ అంచు మొత్తం బాగున్న గ్లాస్ మీద కూర్చోవాలి. సిమెంటు విషయంలో చాలామంది తప్పు చేస్తారు. ఫ్యూరాన్ రెజిన్ సిమెంటు ఆమ్లానికీ సాల్వెంట్‌కీ తట్టుకుంటుంది గానీ నైట్రిక్ యాసిడ్ దగ్గర పనికిరాదు, సిలికేట్‌ది కాస్టిక్ దగ్గర పనికిరాదు. ఓలియమ్ (పొగలు కక్కే సల్ఫ్యూరిక్ ఆమ్లం) గానీ, ఫ్లోరైడ్ గానీ, వేడి కాస్టిక్ గానీ నడిచే రియాక్టర్ అయితే ట్యాంటలమ్ కూడా నిలవదు, ఆ సంగతి ముందే చెప్పు నాకు.

మొదటి వేడి, చల్లబరుపు అయ్యాక వెసెల్ ఖాళీ చేయించి మళ్ళీ టార్క్ చూడు, టెఫ్లాన్ కాస్త నలుగుతుంది. బయట జాకెట్‌కి క్లీటో బ్రాకెట్టో వెల్డింగ్ చేస్తామంటే ఒప్పుకోకు.

గుంట అడ్డం ఎంతో, బాటమ్ నాజిల్‌కి (అడుగున ఉండే గొట్టం మూతికి) ఎంత దూరమో కొలిచి రాత్రికి పంపు. నాజిల్ మెడ దగ్గరైతే ప్లగ్ కాదు, స్లీవ్ (గొట్టం లోపలి తొడుగు) వెయ్యాలి.

మీ మావయ్య