377 పోయింది కదా, మరి ఆర్మీలో?

ప్రశ్న: మా తమ్ముడు ఆర్మీలో జవాను, ఆరేళ్ల సర్వీసు. సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు నాన్న పెళ్లి సంబంధాల మాటెత్తారు. ఆ రాత్రి డాబా మీద కూర్చుని "నాకు అమ్మాయిల మీద మనసు పోదక్కా, నేను గే" అన్నాడు. చెప్పినంతసేపూ నా మొహం చూడలేదు, నులక మంచం తాడు పీకుతూనే ఉన్నాడు. ఇలాంటి సంబంధాల్ని నేరమనే 377 సెక్షన్‌ని కోర్టు కొట్టేసింది కాబట్టి యూనిట్‌లో చెప్పేస్తే ఈ టెన్షన్ పోతుందంటున్నాడు. చెప్పొచ్చా?
– ఒక అక్క, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇప్పుడే వద్దని చెప్పండమ్మా. ఈ మాట రాయడం నాకూ ఇష్టం లేదు, కానీ ఉద్యోగం అతనిది, సలహా ఇచ్చి చేతులు దులుపుకునేది నేను.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని. అది మనలాంటి వాళ్లకి సరిపోతుంది. జవానుకి దాని మీద ఇంకో చట్టం ఉంది, 1950 నాటి ఆర్మీ చట్టం. అందులో 46వ సెక్షన్ అసభ్యమైన, 'అసహజమైన' ప్రవర్తనకి ఏడేళ్ల దాకా జైలు అంటుంది. గే అన్న మాట అందులో ఎక్కడా లేదు, కానీ 'అసహజం' అంటే ఏమిటో తేల్చేది కోర్ట్ మార్షల్‌లో కూర్చున్న అధికారులే కదా. పైగా సైనికుల ప్రాథమిక హక్కులకి కోత పెట్టే అధికారం రాజ్యాంగంలోని 33వ అధికరణం పార్లమెంటుకి ఇచ్చింది. కోర్టు తీర్పు వచ్చిన నాలుగు నెలలకే, 2019 జనవరిలో, అప్పటి ఆర్మీ చీఫ్ జనరల్ బిపిన్ రావత్ ప్రెస్‌మీట్‌లో ఇలాంటివి ఆర్మీలో ఒప్పుకోమని తేల్చేశారు. 2022లో ఒక దర్శకుడు గే సైనికుడి కథతో సినిమా తీస్తానంటే రక్షణ శాఖ ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) కూడా ఇవ్వలేదు. సినిమాకే ఇవ్వనివాళ్లు మీ తమ్ముడికి ఏమిస్తారు చెప్పండి.

వాళ్లు చెప్పే కారణం ఒకటే, క్రమశిక్షణ దెబ్బతింటుందని. గేలని సైన్యంలో ఉండనివ్వని రోజుల్లో బ్రిటన్ కూడా సరిగ్గా ఇదే చెప్పేది. అనుమానం వస్తే చాలు, మిలటరీ పోలీసులు లాకర్లు వెతికి ఉత్తరాలు, డైరీలు పట్టుకుపోయేవాళ్లు. 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్లండ్స్ యుద్ధానికి వెళ్లొచ్చిన ఒక నావికుడి యూనిఫాం మీది మెడల్‌ని కత్తెరతో కోసి తీసుకున్నారు, పాతికేళ్లు దాటాక గానీ తిరిగివ్వలేదు (ఆ మెడల్ ఎందుకిచ్చారనుకున్నారు, మంచి నడవడికకి!). 1999లో యూరప్ మానవ హక్కుల కోర్టు మొట్టికాయ వేస్తే 2000 జనవరిలో నిషేధం ఎత్తేశారు. వాళ్ల సైన్యం ఏమీ కూలిపోలేదు. 2023లో ప్రధాని సునాక్ పార్లమెంటులో క్షమాపణ కూడా చెప్పారు.

అమెరికాది ఇంకో తమాషా. 1993 నుంచి 'గేనా అని మేం అడగం, నువ్వు చెప్పకు' అనే పద్ధతి పెట్టి, బయటపడిన 13 వేల మందికి పైగా ఇంటికి పంపారు, ఇరాక్‌లో యుద్ధం జరుగుతుంటే అరబిక్ వచ్చినవాళ్లని కూడా! 2011 సెప్టెంబరు 20న అది పోయింది. ఇప్పుడు అక్కడి సైన్యంలో చేరే మన తెలుగు పిల్లలు కూడా ఉన్నారు, వాళ్లలో గే అయినవాడికి దాచుకోవాల్సిన పని లేదు. మీ తమ్ముడికి ఉంది. అన్యాయమా అంటే అన్యాయమే.

కాబట్టి ప్రస్తుతానికి యూనిట్‌లో ఎంత దగ్గరి స్నేహితుడికైనా చెప్పొద్దు, మందు మీద ఉన్నప్పుడు అసలే వద్దు. ఫోన్‌లో చాట్లు, ఫొటోలు ఉంచుకోవద్దు. ఎవరైనా పిలిచి అడిగితే కంగారుపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా, సైనిక చట్టం తెలిసిన లాయర్‌తో మాట్లాడాలి. అలాంటి లాయర్ నంబరు ఒకటి ఇప్పుడే సంపాదించి పెట్టండి.

ఇక పెళ్లి సంగతి. మీరు అడగలేదు గానీ నాకు ఎక్కువ భయం దాని గురించే. 'పెళ్లయితే అదే సర్దుకుంటుంది' అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు, సర్దుకోదు. అది జబ్బు కాదు కుదరడానికి. ఆ వచ్చే పిల్ల జీవితం కూడా పోతుంది. నాన్నగారికి ఇప్పుడే అన్నీ చెప్పక్కర్లేదు, 'వాడికి ఇప్పుడు పెళ్లి ఇష్టం లేదు నాన్నా, ఫొటోలు తేవద్దు' అని మీరే గట్టిగా అనండి. డాబా మీద వాడు మీకు చెప్పుకున్నది అందుకే అయ్యుంటుంది.