మా ఊళ్లో దాన్ని దొంగతనం అనేవారు కాదు

అమ్మా, మీ ప్రశ్న చదివాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. 19 ఏళ్ల తమ్ముడు, ఆరు నెలలుగా కొత్త స్నేహాలు, చీకటి పడ్డాక బైకు తీసి తెల్లవారుజామున తిరిగి రావడం, అడిగితే "పని ఉంది" అన్న ఒక్క మాట. "మా వంశంలో దొంగలు లేరు. వీడికి ఈ బుద్ధి పుట్టుకతో వచ్చిందా, సావాసంతో వచ్చిందా? ఎలా వెనక్కి తెచ్చుకోవాలి?" అని అడిగారు.

మీ ఊరు భాకరాపేట దగ్గర అన్నారు. మాదీ అక్కడికి దూరం కాదు, శేషాచలం కొండల అంచునే. 2006లో నాకూ 19 ఏళ్లు. ఎర్రచందనం దుంగలతో వెళ్లే వాహనానికి ముందు, దారిలో తనిఖీ ఉందో లేదో చూసి చెప్పడానికి బైకు మీద పైలట్‌గా వెళ్లాను. మూడుసార్లు వెళ్లాను, మూడోసారి పట్టుబడ్డాను. తరువాత సోషియాలజీ చదివాను కాబట్టి పుస్తకాల సంగతులూ కొన్ని చెబుతాను. ముందు జరిగింది చెప్పనివ్వండి.

నన్ను ఆ పనిలోకి తీసుకెళ్లింది మా పెద్దమ్మ కొడుకు. చెడు స్నేహితుడంటే ఎక్కడి నుంచో వచ్చిన పరాయివాడని అనుకుంటాం. మా అన్న నాకు బావిలో ఈత నేర్పినవాడు. నేను ఇంటర్ తప్పితే నాన్న మాట్లాడడం మానేశారు. అప్పుడు మళ్లీ పరీక్ష ఫీజు కట్టింది అన్నే. జ్వరం వస్తే బైకు మీద కూర్చోబెట్టుకుని తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకెళ్లిందీ అన్నే. అలాంటి మనిషి "ఈ అన్నం పొట్లాలు చింతచెట్టు కింద ఉన్నవాళ్లకు ఇచ్చిరా" అంటే కాదనాలని కూడా తోచదు.

మొదట కొండెక్కి చెట్లు నరికే కూలీలకు ఆ పొట్లాలు. కొన్నాళ్లకు వాళ్ల ఫోన్లకు రీఛార్జి కార్డులు. ఆ తరువాత రోడ్డు మలుపులో నిలబడి, జీపు కనిపిస్తే ఫోను ఒక్కసారి మోగించి పెట్టేయడం. చివరికి బైకు. ఒక్కో మెట్టుకూ మధ్య రెండు మూడు వారాలు గడిచాయి. ఇదిగో ఈ రోజు తప్పులోకి అడుగు పెట్టాను అని చెప్పగలిగిన రోజు నాకు ఇప్పటికీ దొరకదు.

అంతకంటే ముందు నేర్చుకున్నది మాటలు. దుంగలను మేము సరుకు అనేవాళ్లం. బండి నింపితే లోడు. నరకడానికి వెళితే కొండ పని. దొంగతనం అనే మాట ఆ ఏడాది మొత్తంలో నేను మొదటిసారి విన్నది పోలీసు జీపు ఎక్కాకే. మీ తమ్ముడు "పని ఉంది" అన్నాడని చదవగానే నా గుండె జారిపోయింది.

మాటలతో పాటు సమాధానాలూ నేర్పారు. "ఆ చెట్టుకు నీళ్లు పోసినవాడు ఎవడు? ఏడుకొండలవాడి కొండ, ఆయన బిడ్డలం మనం. ఎవరి ఇంటికైనా కన్నం వేశామా?" అనేవారు. "కరువు చేయించింది, మనం చేయలేదు" అనేవారు. "పెద్దవాళ్లు కోట్లు తింటున్నారు, మనది గంజి" అనేవారు. "నమ్మినవాళ్లను నడిదారిలో వదిలి వెళ్లేవాడు మనిషేనా?" అనేవారు. పదేళ్ల తరువాత ఎంఏ పుస్తకంలో గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు అమెరికన్లు 1957లో రాసిన వ్యాసం సారాంశం చదివాను. కుర్రవాళ్లు నేరం చేయడానికి ముందే తమ మనస్సాక్షిని నిద్రపుచ్చుకునే పద్ధతులు ఐదు ఉంటాయని వాళ్లు చెప్పారు: బాధ్యత నాది కాదు, నష్టం ఎవరికీ లేదు, నష్టపోయాడు అనుకోదగినవాడే లేడు, నన్ను తప్పుపట్టేవాళ్లే తప్పుడువాళ్లు, నావాళ్ల కోసం చేశాను. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఆ ఐదూ నేను చింతచెట్టు కింద విన్నవే.

మీ అసలు ప్రశ్నకు పుస్తకాల్లో దొరికే గట్టి జవాబు అమెరికా నేరశాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్‌ది. 1939లో మొదలుపెట్టి 1947లో తొమ్మిది సూత్రాలుగా స్థిరపరిచాడు. నేరం నేర్చుకుంటే వచ్చేదే, అదీ దగ్గరివాళ్ల మధ్యనే, నేర్చుకునేది పద్ధతి ఒక్కటే కాదు, దాన్ని సమర్థించుకునే ఆలోచన కూడా అన్నది అందులో ముఖ్యమైన మాట. చట్టాన్ని మీరడం సరే అనే మాటలు ఒకవైపు, కూడదనే మాటలు ఇంకోవైపు మన చెవిన పడుతూ ఉంటాయి. మొదటివి ఎక్కువైనప్పుడు మనిషి అటు మొగ్గుతాడు. అన్ని సావాసాలకూ ఒకే బలం ఉండదని కూడా అన్నాడు. ఎంత తరచుగా కలుస్తాం, ఎంతకాలంగా కలుస్తున్నాం, ఎంత చిన్న వయసులో మొదలైంది, ఆ మనిషి మనకు ఎంత ముఖ్యం అనేవి చూడాలి. మా అన్న విషయంలో నాలుగూ నిండుగా ఉన్నాయి. నాన్న రోజూ కూడదనే చెప్పేవారు, కానీ గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు. అన్న రాత్రి మూడు గంటలు పక్కన కూర్చునేవాడు.

డబ్బు సంగతి కూడా దాచను. ఒక రాత్రికి 2,000 ఇచ్చారు. అప్పట్లో మా ఊళ్లో రోజు కూలీ వంద రూపాయల లోపే. కానీ నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది డబ్బు కాదు. ఇంటర్ తప్పినవాడినని నన్ను చూడని టీ అంగడి ఆయన, బైకు ఎక్కాక కుర్చీ తుడిచి వేశాడు. ఆ కుర్చీ కోసం నాలుగోసారి కూడా వెళ్లి ఉండేవాడిని. మా అమ్మ చేతిలో ఆ 2,000 పెట్టినప్పుడు ఆమె ఎక్కడిదని అడగలేదు. వేంకటేశ్వరస్వామి పటం దగ్గర పెట్టి దండం పెట్టుకుంది. వేరుశనగ ఎండిపోయిన ఏడాది అది, బ్యాంకు నోటీసు ఇంట్లో ఉంది. అమ్మను నేను నిందించను. కానీ ఆ రోజు ఆ మౌనమూ నాకు ఒక పాఠం చెప్పింది.

కరువే కారణమని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. మా ఊళ్లో అందరి చేలూ ఎండిపోయాయి. ఎక్కువమంది బెంగళూరు వెళ్లారు, కొందరు ఆవులు కొని పాలు పోశారు. కొండ పనికి వెళ్లినవాళ్లందరూ ఒకే కల్వర్టు మీద సాయంత్రాలు కూర్చున్నవాళ్లు. వాళ్లను జైలుకు పంపాక అదే కల్వర్టు మీద ఇంకో వయసు కుర్రవాళ్లు కూర్చున్నారు, వాళ్లూ వెళ్లారు. షికాగోలో కొన్ని పేటల్లో జనం మొత్తం మారిపోయినా బాలనేరాల లెక్క మారలేదని క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే పరిశోధకులు 1942లో చూపించారు. చదువుతుంటే నాకు ఆ కల్వర్టే కనిపించింది. ఇక దుంగలు కొనే పెద్దమనుషులకు ఏ కరువు వచ్చింది? ఉన్నతోద్యోగుల, వ్యాపారుల నేరాలపై 1949లో పుస్తకం రాసినవాడూ ఆ సదర్లాండే. వాళ్లూ తమ కార్యాలయాల్లో, తమ తోటివాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లే అన్నాడు.

పుట్టుక గురించి అడిగారు కాబట్టి ఒక మాట. పుట్టుకతోనే నేరస్థులుంటారని నమ్మి ఆంగ్లేయులు 1871లో నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. మన పాత చిత్తూరు జిల్లా ఏర్పడిందీ ఆ ఏడాదే. ఎరుకల కుటుంబాల్లో పుట్టిన బిడ్డ కూడా దొంగ లెక్కే. 1952లో ఆ చట్టాన్ని రద్దు చేశారు, కానీ మాట మిగిలిపోయింది. బడిలో నా పక్కన కూర్చున్న ఎరుకల అబ్బాయి తల్లి బుట్టలు అల్లేది. ఊళ్లో కోడి పోయినా ముందు వాళ్ల గుడిసె వెతికేవారు. వాడు ఈ రోజు వరకూ ఎవరి గడ్డిపరక ముట్టలేదు. కేసులో ఇరుక్కున్నది "మంచి వంశం" అనిపించుకున్న నేను. వంశం మాట మీరు దయచేసి వదిలేయండి.

పిల్లలు మాటలను ఎలా పట్టుకుంటారో చెప్పాలి. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త చిన్నపిల్లల ముందు ఒక పెద్దమనిషి చేత గాలి బొమ్మను కొట్టించాడు. తరువాత పిల్లలు కూడా బొమ్మను అలాగే కొట్టారు, కొడుతూ ఆ మనిషి అన్న మాటలనూ అన్నారు. నేను బెయిలు మీద ఇంటికి వచ్చిన రోజు మా అన్న కొడుకు, ఐదేళ్లవాడు, వాకిట్లో కందికట్టెలు పేర్చి బొమ్మ లారీకి తాడు కట్టి ఆడుకుంటున్నాడు. ఏమిటి నాన్నా అది అంటే "లోడు" అన్నాడు. నన్ను ముందు నడవమన్నాడు, పైలట్‌గా.

అంతకుముందు సబ్‌జైలులో 40 రోజులు ఉన్నాను. అక్కడ భయపడి మారిపోయి ఉంటానని చాలామంది అనుకుంటారు. నిజానికి బయట ఏడాదిలో తెలియని పేర్లు, దారులు అక్కడ 40 రోజుల్లో తెలిశాయి. అన్నం పంచుకున్నవాళ్లే చెప్పారు. బెయిలు వచ్చేసరికి నా చేతిలో రెండు కొత్త పనులున్నాయి.

నన్ను ఆపింది తిరుపతి ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే ఒక మేస్త్రి. అడవికి కూలీలను తెచ్చేవాడినీ మేస్త్రి అంటారు, షెడ్డు పెద్దనూ మేస్త్రి అంటారు. నా జీవితంలో ఇద్దరూ ఉన్నారు. ఈయన నగరి వైపు మనిషి, మా మేనమామకు తెలిసినవాడు. కేసు సంగతి తెలిసే తీసుకున్నాడు. నాలుగో రోజు షెడ్డు తాళం నా చేతికిచ్చి పైన గదిలోనే పడుకోమన్నాడు. లారీ యజమానులు వస్తే "మా పిల్లవాడు" అనేవాడు, ఒక్కసారీ కేసు ఎత్తలేదు. రాత్రి ఎనిమిదికి తన ఇంట్లో అన్నం తినాలని పట్టుబట్టేవాడు. సరిగ్గా కల్వర్టు మీద కుర్రవాళ్లు చేరే వేళ అది. ఆయన కావాలనే ఆ వేళ ఎంచుకున్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అన్న ఫోను మోగుతుంటే ఎత్తకుండా ఉండడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. రాబర్ట్ శాంప్సన్, జాన్ లాబ్ అనేవాళ్లు బోస్టన్‌లో బాలనేరస్థులుగా నమోదైన 500 మంది జీవితాల వివరాలను మళ్లీ పరిశీలించి, నిలకడైన ఉద్యోగం, గట్టి దాంపత్య బంధం దొరికినవాళ్లు దారి మళ్లారని 1993లో రాశారు. నాకు నగరి మేస్త్రి ఇంటి కంచం గుర్తొచ్చింది.

అలాగని ఇది లెక్కలా పనిచేస్తుందని అనను. నాతో పట్టుబడిన ఇంకొకతనికీ మంచి పనే దొరికింది, మూడు నెలలకే తిరిగి వెళ్లిపోయాడు. నన్నూ ఎవరూ బలవంతంగా తీసుకెళ్లలేదు. నా కాళ్లతో నేనే వెళ్లాను.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. టీవీలో చూస్తున్నప్పుడు నాకు ఒక ముఖం గుర్తొచ్చింది. పొట్లాలు తీసుకెళ్లిన రోజుల్లో జవ్వాదు కొండల నుంచి వచ్చిన ఒక కుర్రవాడు, నా వయసువాడే, తెలుగు రాక సైగలతో ఉప్పు అడిగాడు. వాళ్ల ఊరి మేస్త్రే, వాళ్ల బంధువే తీసుకొచ్చి ఉంటాడు, నన్ను అన్న తీసుకెళ్లినట్టు. ఆ 20 మందిలో అతను ఉన్నాడో లేడో నాకు ఎప్పటికీ తెలియదు. అతనికి అన్నం మోసుకెళ్లి అడవిలో నిలబెట్టినవాళ్లలో నేనూ ఒకడిని.

ఇక మీ తమ్ముడు. మీరు అనుమానించే పని ఏదైనా సరే, ముందు అతనికి ఆ "అన్న" ఎవరో కనిపెట్టండి. ఉండే తీరతాడు, బహుశా మీరు కూడా ఇష్టపడే మనిషే అయ్యుంటాడు. అతన్ని మీ తమ్ముడి ముందు తిట్టకండి. మా నాన్న తిట్టిన ప్రతిసారీ నేను అన్నకు ఇంకాస్త దగ్గరయ్యాను. చేస్తున్న పనిని మాత్రం ఇంట్లో దాని పేరుతోనే పిలవండి. "పని కాదు నాయనా, అది దొంగతనం" అని ఒకసారి నెమ్మదిగా, కళ్లలోకి చూసి చెప్పండి. తమ్ముణ్ణి దొంగ అని ఒక్కసారి కూడా అనకండి, కోపంలోనూ అనకండి. అతను తెచ్చిన డబ్బుతో ఇంట్లోకి ఉప్పు కూడా కొనకండి, ఎందుకు కొనడం లేదో చెప్పండి. వీలైతే కొన్ని నెలలు ఊరు మార్చండి. అది కుదరకపోతే రాత్రి ఏడు నుంచి పది వరకు అతను ఎవరి పక్కన కూర్చుంటాడన్నది మీ చేతుల్లోకి తీసుకోండి. మేనమామో, బావో, వాలీబాల్ ఆడించే మాస్టారో, అతను నిజంగా గౌరవించే ఒక్క మనిషిని వెతకండి. ఉపన్యాసం చెప్పే మనిషి వద్దు. పక్కన కూర్చుని అన్నం తినే మనిషి కావాలి.

అలాంటివారు ఎవరూ లేకపోతే నాకు విడిగా రాయండి. మేస్త్రి పోయాక ఆ షెడ్డు నేనే నడుపుతున్నాను. కందికట్టెలతో లోడు ఆట ఆడిన పిల్లవాడు ఇప్పుడు నా దగ్గరే ఇంజిన్లు విప్పుతున్నాడు. వాళ్ల నాన్న, అంటే మా అన్న, రెండు కేసుల్లో శిక్షలు పడి వచ్చాక ఊళ్లో ఆవులు చూసుకుంటున్నాడు. ఆయనే కొడుకును తీసుకొచ్చి నాకు అప్పగించాడు. ఆ పిల్లవాడు ఉదయం ఎనిమిదికి షట్టర్ ఎత్తుతాడు. మీ తమ్ముణ్ణి పనికి రమ్మని చెప్పకండి, బైకు సర్వీసుకని పంపండి. మధ్యాహ్నం వరకు పడుతుందని చెప్పి భోజనానికి కూర్చోబెట్టుకుంటాం.