రాజ్యాంగం ఎక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలి?

కేంద్ర ప్రభుత్వం, రాజ్యాంగం ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలని ఉందని, పుస్తకం తెరిస్తే మాత్రం నాలుగు పేజీలు కూడా సాగట్లేదని రాశారు. ఒకటో ఆర్టికల్ నుంచి వరసగా చదవకండి. మీ కళ్ల ముందు వచ్చిన చట్టం ఒకటి తీసుకుని, అది ఎలా వచ్చిందో ఆరా తీయండి. తెలుగువాళ్లకి 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టాన్ని మించింది లేదు.

అప్పుడు నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. జనవరి 30న అసెంబ్లీ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించేశాయి. హాస్టల్లో అందరిదీ ఒకటే ప్రశ్న: అసెంబ్లీ వద్దన్నాక పార్లమెంటు ఎలా చేస్తుంది? టీవీ చర్చల్లో ఎవరికి కావాల్సింది వాళ్లు చెబుతున్నారు. అందుకే నేరుగా ఆర్టికల్ 3 తెరిచాను.

కొత్త రాష్ట్రం ఏర్పాటు చేయడం, సరిహద్దులు, పేర్లు మార్చడం పార్లమెంటు అధికారమని అందులో స్పష్టంగా ఉంది. రాష్ట్రపతి సిఫార్సుతోనే బిల్లు పెట్టాలి, దాన్ని ముందు ఆ రాష్ట్ర శాసనసభకు పంపి అభిప్రాయం అడగాలి. అడగాలి, అంతవరకే. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడాల్సిన పని లేదని 1959లోనే బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా ఆర్టికల్ 4 ప్రకారం ఇలాంటి చట్టం రాజ్యాంగ సవరణ కిందికి రాదు, మామూలు మెజారిటీ చాలు.

నా మటుకు నాకు అసెంబ్లీ మాటకు ఇంకాస్త విలువ ఉండాల్సిందనే అనిపిస్తుంది. కానీ అలా ఎందుకు రాశారో కూడా చూడాలి. రాజ్యాంగం రాసేనాటికి సంస్థానాలు అప్పుడప్పుడే కలుస్తున్నాయి, దేశపటం ఇంకా కుదురుకోలేదు. 1953లో మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయిందీ, 1956లో తెలంగాణ ప్రాంతం దానితో కలిసిందీ ఈ ఆర్టికల్ కిందే.

ఇప్పుడు మా ఊరి లైబ్రరీలో సాయంత్రాలు గ్రూప్స్‌కి చదివే పిల్లలకు పాలిటీ చెబుతున్నాను. వాళ్లు తప్పకుండా అడిగేది ప్రత్యేక హోదా గురించి. ఆనాటి ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో హామీ ఇచ్చారు, చట్టంలో మాత్రం ఆ మాట లేదు. సభలో ఇచ్చిన హామీ అమలైందా లేదా అని చూడటానికి రెండు సభల్లోనూ హామీల కమిటీలు ఉన్నాయి. అంతమాత్రాన హామీ చట్టం అయిపోదు. ఈ తేడా ప్రతి ఓటరుకూ తెలియాలి.

ఇక దీని పక్కన 2016లో జీఎస్టీ కోసం తెచ్చిన 101వ సవరణ పెట్టి చూడండి. అది కేంద్ర, రాష్ట్రాల పన్ను అధికారాలనే మార్చింది. అందుకే ఆర్టికల్ 368 ప్రకారం ప్రతి సభలోనూ ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మద్దతుతో పాటు కనీసం సగం రాష్ట్రాల అసెంబ్లీలు ఒప్పుకోవాల్సి వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి. అంటే రాష్ట్రం ఇష్టపడకపోయినా దాన్ని రెండుగా చేయొచ్చు కానీ, రాష్ట్రాల పన్ను అధికారాన్ని సగం రాష్ట్రాలైనా ఒప్పుకోకుండా ముట్టుకోలేరు! నాకు మన ఫెడరల్ వ్యవస్థ నిజంగా అర్థమైంది ఇక్కడే.

ఆర్టికల్ 3, 4, 368 మూడూ ఒక్క సాయంత్రంలో అయిపోతాయి. తెలుగు ప్రతి భాష బరువుగా అనిపిస్తే పక్కన ఇంగ్లీషుది పెట్టుకోండి. ఆ తర్వాత ఏడో షెడ్యూల్ తెరిచి, మీకు కావాల్సిన విషయం కేంద్ర జాబితాలో ఉందో, రాష్ట్ర జాబితాలో ఉందో, ఉమ్మడి జాబితాలో ఉందో వెతకండి.