తలా ఒక వచనం చదివించకు తల్లీ

తల్లీ,

ప్రభువు నామంలో శుభాలు. సండే స్కూల్లో ఏడెనిమిదేళ్ల పిల్లల గుంపు నీకప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషపడ్డాను. ఆ వెనకే దడ కూడా పుట్టింది.

పేర్లు మొదటి వారమే నేర్చుకో. ఎనిమిది మంది దాటితే గుంపును రెండు చేయమను. కంఠత వాక్యం ఒకటి చాలు, రెండు వారాలు అదే చెప్పించు. కథ పది నిమిషాలు దాటనీకు.

కొత్త టీచర్లు తరతరాలుగా చేస్తున్న తప్పొకటుంది: వాక్యభాగం తెరిచి, వరసగా తలా ఒక వచనం చదవమనడం. లూకా సువార్త 19వ అధ్యాయంలో, యేసును చూడాలని చెట్టెక్కిన పొట్టి జక్కయ్య కథ పది వచనాలే, తేలిగ్గా అయిపోతుందనిపిస్తుంది. ఐదోవాడు తన వచనం ఏదో వేలితో లెక్కపెట్టుకుని లోలోపల దాన్నే వల్లిస్తుంటాడు. జక్కయ్య చెట్టెక్కిన సంగతే వాడి చెవిన పడదు. వంతు అయిపోయిన పిల్ల పక్కదాని జడ లాగుతుంది. చదవడం సరిగా రానివాడికి ‘సుంకపు గుత్తదారుడు’ వచ్చిందా, ఇక అంతే. ఎవరో కిసుక్కుమంటారు. వచ్చే వారం బైబిలు తెరవగానే వాడికి బాత్రూమ్ గుర్తొస్తుంది, ఆపై వారం కడుపునొప్పి వస్తుంది. మనమేమో భక్తి లేని పిల్లాడని తీర్మానిస్తాం!

నువ్వే చదువు. ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకుని వెళ్లు. గుత్తదారుడంటే రోమా వాళ్ల కోసం పన్నులు గుంజేవాళ్లకు పెద్ద అని ముందే చెప్పు. యేసు జక్కయ్య ఇంటికి వెళ్లాడని జనం సణిగారన్న చోట అందరిచేతా సణిగించు. జక్కయ్య వేషం వేసినవాడు మునివేళ్ల మీద నిలబడితే చాలు, కుర్చీ ఎక్కనీకు. చదువుతానని ముచ్చటపడే పిల్లలకు వచనం వారం ముందే ఇచ్చి పంపు.

‘ఈ కథలో నీతి ఏంటి?’ అని అడిగితే ‘మంచిగా ఉండాలి’ అనే చిలకపలుకే వస్తుంది. ‘సగం ఆస్తి పేదలకిచ్చి, మోసం చేసినవాళ్లకు నాలుగంతలు కట్టేశాక జక్కయ్యకు ఏం మిగిలుంటుంది?’ అని అడిగి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఊరుకో. ఊరుకోవడం నీకు కష్టమే, తెలుసు.

నా అసలు బెంగ వేరే. తలుపేసిన గదిలో ఏ బిడ్డతోనూ ఒక్కదానివే ఉండకు. ఇంకో పెద్ద మనిషి వచ్చేదాకా పాఠం మొదలుపెట్టకు. అయిపోయాక, తీసుకెళ్లడానికి ఎవరొస్తారని ఇంట్లోవాళ్లు చెప్పారో వాళ్లకే బిడ్డను అప్పగించు. ‘మామయ్యనే కదా’ అంటూ వచ్చినవాళ్లతో పంపేయకు. ఎవరైనా బిడ్డ ‘ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యక్కా’ అంటే వెయ్యకు. ‘నీకు హాని జరిగే సంగతైతే సాయం చేసేవాళ్లకు చెప్పాల్సిందే’ అని నెమ్మదిగా చెప్పు. గుచ్చి గుచ్చి అడగకు. ఆ బిడ్డ అన్న మాటలు అన్నట్టే ఆ రోజే రాసి, పిల్లల భద్రత చూసే బాధ్యులకు ఇవ్వు. ఎవరి పేరు బయటపడిందో వాళ్లను నువ్వు నిలదీయకు. ఆ పేరు సంఘంలో ఎంత పెద్దవాళ్లదైనా నోరు నొక్కుకోకు.

ప్రార్థన మనవుల్లో కుక్కపిల్ల జ్వరం కూడా వస్తుంది. నవ్వకుండా రాసుకుని, పై వారం ఎలా ఉందని అడుగు. మొదటి ఆదివారానికి ఏ వాక్యభాగం ఇచ్చారో రాయి.

మీ పిన్ని