పాఠకుల ప్రశ్నలు: వీరుడి విగ్రహం పెట్టే ముందు

ప్రశ్న: మా ఊరి జవాను ఒకరు 1971 యుద్ధంలో అమరులయ్యారు. ఆయనకు వీర్ చక్ర వచ్చిందని పెద్దలు చెబుతారు. ఇంట్లో మూడు పతకాలున్నాయి. విగ్రహం పెడదామని గ్రామసభలో తీర్మానించాం. ఫలకం మీద ఏం రాయించాలి?
– ఒక సర్పంచ్, నల్గొండ జిల్లా

జవాబు: శిల్పికి అడ్వాన్సు ఇవ్వకముందే ఆ మూడు పతకాలనూ పగటి వెలుతురులో భూతద్దంతో చూడండి. 1971లో పోరాడిన వారికి పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఇచ్చారు. అవి యుద్ధ సేవకు గుర్తుగా వేలమందికి ఇచ్చినవి. శౌర్య పతకాలు వేరు. వీర్ చక్ర వెండిది, గుండ్రంగా ఉంటుంది, మీద ఐదు కోణాల నక్షత్రం, నడుమ చక్రం ఉంటాయి. రిబ్బను సగం ముదురు నీలం, సగం కాషాయం. బాయ్‌నెట్ (తుపాకీ కొసకు బిగించే కత్తి) మొన పైకి ఉన్న బొమ్మ కనిపిస్తే అది సేనా మెడల్. అదీ గౌరవమైనదే, కానీ వీర్ చక్ర అని చెక్కించకూడదు. ఇంట్లో ఉన్నవి సేవా పతకాలే అని తేలినా విగ్రహం ఆపనక్కర్లేదు. యుద్ధంలో ప్రాణమిచ్చిన మనిషికి ఆ గౌరవం ఎలాగూ చెల్లుతుంది. రాని బిరుదు తగిలిస్తేనే ఆయనకు అన్యాయం చేసినట్టు.

రుజువు కావాలంటే భారత ప్రభుత్వ గెజిట్ చూడాలి. శౌర్య పురస్కారాలను రాష్ట్రపతి సచివాలయం అందులో నోటిఫికేషన్‌గా ప్రకటిస్తుంది. రక్షణ శాఖ శౌర్య పురస్కారాల వెబ్‌సైటులో పేరు వెతకవచ్చు. అక్కడ దొరక్కపోతే సర్వీసు నంబరు రాసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన రెజిమెంటు రికార్డు ఆఫీసుకు అర్జీ పెట్టండి. నంబరు లేకుండా పేరు ఒక్కటే పంపితే పని జరగదు. ఒకే పేరుగలవాళ్ళు చాలామంది ఉంటారు, ఇంటిపేరు ఇంగ్లీషులో ఎలా రాశారో కూడా తెలియదు.

ఫలకంలో సర్వీసు నంబరు, మరణించేనాటి హోదా, పేరు, పురస్కారం, బెటాలియన్, పోరు జరిగిన చోటు, తేదీ ఉంటే చాలు. దాతల పేర్లు వేరే రాయి మీద వేయండి. నల్ల గ్రానైట్ మీద అక్షరం కనీసం 3 మి.మీ. లోతు చెక్కించండి. పైపైన గీసి బంగారు రంగు పూస్తే కొన్ని వానలకే రంగు రాలి, పేరు కనపడకుండా పోతుంది. పది అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం అంగుళంన్నర ఎత్తుండాలి, లేకపోతే ఒత్తులు కలిసిపోతాయి.

ప్రశ్న: కల్నల్ సంతోష్ బాబుగారి మహావీర్ చక్రకు ఒక్కొక్కరు ఒక్కో తేదీ చెబుతున్నారు. బడి గోడ మీద ఏది రాయాలి?
– ఒక ఉపాధ్యాయిని, సూర్యాపేట

జవాబు: మూడు తేదీలూ నిజమే. గల్వాన్ లోయలో 16 బిహార్ బెటాలియన్‌కు నాయకత్వం వహిస్తూ ఆయన ప్రాణాలిచ్చింది 2020 జూన్ 15న. పురస్కారం ప్రకటించింది 2021 గణతంత్ర దినోత్సవానికి. రాష్ట్రపతి నుంచి తల్లి, భార్య అందుకున్నది 2021 నవంబర్ 23న. గోడ మీద జూన్ 15 రాయండి, మిగతా రెండూ పిల్లలకు పాఠంలో చెప్పండి. ఆయన కోరుకొండ సైనిక్ స్కూల్ విద్యార్థి అన్నది కూడా తప్పక చెప్పండి, ఆ బడి పేరు వింటే పిల్లలకు దారి కనిపిస్తుంది. ఆ రాత్రి మన సైనికులు 20 మంది నేలకొరిగారు. కల్నల్‌గారి పేరు కింద ఆ సంఖ్య కూడా ఉండాలి.

ప్రశ్న: ఆవిష్కరణ రోజున విగ్రహం మీద జాతీయ జెండా కప్పి, ముఖ్య అతిథి చేత తీయిద్దామనుకుంటున్నాం. సరేనా?
– యువజన సంఘం, కోదాడ

జవాబు: వద్దు. విగ్రహానికి జెండాను ముసుగుగా కప్పడం జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం కింద నేరం. మామూలు తెల్ల గుడ్డో కాషాయ గుడ్డో కప్పి, జెండాను పక్కన స్తంభానికి విడిగా ఎగరేయండి. ఫలకం పైన మూడు సింహాల రాజముద్ర కూడా చెక్కించకండి, 2005 చట్టం ప్రకారం దాన్ని ప్రైవేటుగా వాడకూడదు. స్థలం విషయంలోనూ జాగ్రత్త. రోడ్డు మీద, ఫుట్‌పాత్ మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో ఆదేశించింది. బడి ఆవరణో పంచాయతీ స్థలమో చూసుకోండి.

శిల్పులు ఎక్కువగా పొరపడేది ఛాతీ దగ్గర. పతకాలు ఎడమ రొమ్ము మీదే ఉండాలి, హోదాలో అన్నిటికన్నా పెద్దది ఛాతీ నడుమ వైపు రావాలి. మహావీర్ చక్ర రిబ్బను సగం తెలుపు, సగం కాషాయం. కాషాయం ఎడమ భుజం వైపు ఉండాలి. ఫోనులో అద్దంలోలాగా కుడిఎడమలు తిరగబడిన ఫోటో ఇస్తే ఇవన్నీ కుడికి పోతాయి. చొక్కా గుండీలు, పేరుపట్టీ చూసి సరిచేయించండి. మట్టి నమూనా దశలోనే ఒక మాజీ సైనికుడికి చూపించండి, పోత పోశాక మార్చలేరు. కంచు విగ్రహాన్ని దిమ్మెకు బిగించే బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. మామూలు ఇనుము కంచును ఆనుకుని తడిస్తే త్వరగా తుప్పు పట్టి, ఉబ్బి, దిమ్మెను పగలగొడుతుంది.

ప్రశ్న: మామయ్యగారి పతకం నల్లబడింది. చింతపండుతో తోమవచ్చా?
– ఒక గృహిణి, తాడేపల్లిగూడెం

జవాబు: తోమకండి. పులుపుతో, పాలిష్‌తో తోమిన కొద్దీ అంచు మీది పేరు అరిగిపోతుంది. మెత్తటి పొడి నూలు గుడ్డతో తుడిచి, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి. రబ్బరు, ఉన్ని తగిలితే వెండి ఇంకా నల్లబడుతుంది. ఎండ పడితే రిబ్బను వెలిసిపోతుంది.