చీటీ పాడి ట్రయాథ్లాన్‌కి వెళ్లాలా?

ప్రశ్న: మాది విజయనగరం. మావారు జడ్పీ హైస్కూల్లో పీడీ (వ్యాయామం మాస్టారు), వయసు 41. జీతం చేతికి 78 వేలు వస్తుంది. నేను ఇంట్లో బట్టలు కుడతాను, నెలకు 9 వేల దాకా వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 21 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు. 5 లక్షల చీటీ ఉంది. 25 నెలల్లో 9 నెలలు కట్టాం, డివిడెండ్ పోను నెలకు 16 వేలు పడుతోంది. బ్యాంకులో 40 వేలు ఉన్నాయి. అమ్మాయి ఇంటర్ మొదటి ఏడాది, చీటీ తన ఇంజినీరింగ్ కోసమే వేశాం. మలేసియాలోని లంకావిలో జరిగే ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్‌కి (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీ) వచ్చే ఏడాదే వెళతానని ఈయన పట్టుబడుతున్నారు. 1.75 లక్షల సైకిల్ కూడా కావాలట. ‘ఏటవుతాదే, చీటీ పాడేద్దాం, లేదంటే లోన్ తీద్దాం’ అంటున్నారు. నేనేమో బట్ట అంచులు కుట్టే 18 వేల ఓవర్‌లాక్ మిషన్ కొనుక్కోలేక ఏడాదిగా ఆగాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మాస్టారి తరఫున ఒక మాట. కోడి రామ్మూర్తి నాయుడు గారు వ్యాయామం నేర్పిన ఊళ్లో ఒక పీడీ మాస్టారికి ఇలాంటి కోరిక పుట్టడం వింతేమీ కాదు. వెళ్లనివ్వండి. అయితే వచ్చే ఏడాది వద్దు, ఆ పైయేడు.

చీటీ జోలికి మాత్రం వెళ్లకండి. మీ ఉత్తరంలో వెనకాల రాసిన లెక్క ప్రకారం పోయిన నెల పాట లక్షా పాతిక వేలకు పోయింది. అంటే పాడినవాళ్లు అంత వదులుకున్నారు. అదే లెక్కన ఇప్పుడు పాడితే 3.75 లక్షలు చేతికొస్తాయి, మిగతా 15 నెలలూ వాయిదా కడుతూనే ఉండాలి. పైగా ఆ డబ్బు అమ్మాయిది. ఆఖరు దాకా ఆగితే ఫోర్‌మన్ (చీటీ నడిపేవారి) కమీషన్ పోను దాదాపు మొత్తం వస్తుంది, అదీ తను కాలేజీలో చేరే లోపే. పర్సనల్ లోన్ సంగతి చూస్తే, 14 శాతం వడ్డీకి 2 లక్షలు మూడేళ్లకి తీసుకుంటే ఈఎంఐ 6,835 పడుతుంది. వడ్డీ కిందే 46 వేలు. అది ఇంకో విమాన టికెట్.

లోన్ వద్దనడానికి వడ్డీ కన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. ఈ రేసులో సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. అన్నీ కలిపి మామూలుగా 17 గంటల్లో ముగించాలి. ఈత 2 గంటల 20 నిమిషాల్లో పూర్తికాకపోతే అక్కడితో ఇంటికే. విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లి వచ్చినా ఆ 180 నిండవు, ఆ తర్వాత మారథాన్ ఉంటుంది. లంకావిలో మన కోస్తా లాంటి ఎండ, ఉక్కపోత. పరుగులో 25వ కిలోమీటరు దగ్గర కళ్లు తిరుగుతున్నాయనుకోండి. సొంత డబ్బుతో వెళ్లినవాడు పక్కన కూర్చుంటాడు. అప్పు చేసి వెళ్లినవాడికి ఈఎంఐ గుర్తొస్తుంది, లేచి పరిగెడతాడు. నాకు భయం అక్కడే. అందుకే రేసు మధ్యలో ఆగిపోయినా సరే ‘ఆ డబ్బు ఖర్చయిపోయింది’ అని ఇద్దరూ ఇప్పుడే, ఎంట్రీ కట్టకముందే ఒప్పుకోండి. ఎంట్రీ డబ్బు మామూలుగా వెనక్కి రాదు. చుట్టాలకీ స్టాఫ్ రూములోనూ ముందే చాటింపు వేయొద్దని మాస్టారికి చెప్పండి. ఆ పరువు టెన్షన్ కూడా ఒక రకం అప్పే.

ఇక లెక్క. మీ ఇద్దరి ఆదాయం 87 వేలు, ఖర్చులు 67 వేలు, మిగిలేది 20 వేలు. అందులో 5 వేలు అత్యవసర నిధికి పక్కన పెట్టండి. ఇప్పుడున్న 40 వేలతో కలిపితే రెండేళ్లలో చీటీ కాకుండా మూడు నెలల ఖర్చుకు సరిపడా ఉంటుంది. ఇంకో 5 వేలు మాస్టారి శిక్షణకి. మిగతా 10 వేలూ రేసు డబ్బు.

శిక్షణకి 5 వేలా అని ముక్కున వేలేసుకోకండి. శ్రీకాకుళం నుంచి నా దగ్గరికి వచ్చే ఒకాయన ఇలాంటి రేసుకే తయారయ్యాడు. ఖర్చులన్నీ స్కూలు పిల్లల రూళ్ల నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. ఒక పేజీలో అరటిపళ్లు, గుడ్లు, ట్యూబు పంక్చరు, ఈతకొలను ఫీజు, మోకాలికి ఫిజియో, మళ్లీ అరటిపళ్లు. బూట్లయితే మూడు జతలు. విమానం ఎక్కేనాటికి టికెట్ కన్నా ఆ చిల్లర పద్దులే ఎక్కువ తేలాయి. ఆయనా, నేనూ ఇద్దరం నోరెళ్లబెట్టాం.

సైకిల్‌కి 1.75 లక్షలు వద్దు. మంచి స్థితిలో ఉన్న అల్యూమినియం రోడ్ బైక్ సెకండ్ హ్యాండ్‌లో 50 వేలకి వెతకమనండి. తెలిసిన మెకానిక్‌కి చూపించి తీసుకోవాలి. వెట్‌సూట్ (ఈతకి వేసుకునే రబ్బరు సూట్) అసలు కొనొద్దు. అది చల్లటి నీళ్ల కోసం, లంకావి సముద్రం వెచ్చన. ప్రయాణానికి నా అంచనా ఇది: ఎంట్రీ 55 వేలు, సైకిల్ పెట్టెతో సహా విమానం 45 వేలు, బస, తిండి 35 వేలు, ఇన్సూరెన్సు, చిల్లర కలిపి 25 వేలు. మొత్తం లక్షా 60 వేలు. నెలకు 10 వేల చొప్పున 16 నెలలు. ఈ డబ్బు షేర్లలో పెట్టకండి, కావాలన్నప్పుడు వెనక్కి తీసుకోగలిగే లిక్విడ్ మ్యూచువల్ ఫండ్ చాలు. ఎంట్రీ ముందే కట్టాలి కాబట్టి ఆర్డీ కన్నా ఇదే వీలు. డీఏ బకాయిలు వస్తాయి కదా అని లెక్కలో వేసుకోకండి, వచ్చినప్పుడు చూద్దాం.

ఎంట్రీ ఫీజు విదేశీ కరెన్సీలో ఉంటుంది. చాలా క్రెడిట్ కార్డుల మీద 2 నుంచి 3.5 శాతం మార్కప్ (అదనపు రుసుము), దానిపై జీఎస్టీ పడతాయి. అక్కడి ఖర్చులకి ఫారెక్స్ కార్డు (విదేశీ కరెన్సీ ముందే నింపుకునే కార్డు) తీసుకోండి. టూర్ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. రిటర్ను వేస్తే తిరిగొస్తుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. టికెట్లు, బస మీరే విడివిడిగా బుక్ చేసుకుంటే ఈ మొత్తానికి ఆ గొడవ ఉండదు.

ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు క్రీడా పోటీల్లో తగిలే గాయాలకి వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. మామూలు పాలసీల్లో చాలావాటికి ఇది మినహాయింపు. మాస్టారికి టర్మ్ పాలసీ (ఆయనకేమైనా అయితే ఇంటికి డబ్బొచ్చే జీవిత బీమా) ఉన్నట్టు మీరు రాయలేదు. లేకపోతే రేసు కన్నా ముందు అది. ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి విదేశానికి శాఖ అనుమతి ముందే తెచ్చుకోవాలి, ఆ ఫైలు ఎన్ని బల్లలు తిరుగుతుందో నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

లంకావికి ముందు గోవాలో సగం దూరం రేసు చేయమనండి: 1.9 ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. అక్కడ ఇది 2019లో మొదలైంది. రైల్లో వెళ్లి రావచ్చు, ఆ ఎంట్రీ ఫీజుకి శిక్షణ డబ్బులోంచే నెలనెలా కొంత మిగల్చాలి. అక్కడ ఒంటికి ఏమవుతుందో తెలిశాకే మలేసియా ఎంట్రీ. ఈత సాధనకి చింతపల్లి తీరంలో ఒంటరిగా మాత్రం దిగొద్దు. వేటకెళ్లే వాళ్ల పడవ ఒకటి పక్కన ఉండాలి, వాళ్లకిచ్చే డబ్బు కూడా ఆ 5 వేలలోదే.

చివరి నాలుగు నెలలు వారానికి 12 నుంచి 15 గంటలు శిక్షణకే పోతాయి. ఆదివారాలు ఆయన ఇంట్లో ఉండరు, ఉన్నా నిద్రపోతుంటారు. అవి దసరా కుట్లతో మీరు తల ఎత్తలేని రోజులు కూడా. ఇంటి పనిలో ఏది ఎవరిదో ఇప్పుడే మాట్లాడుకోండి.

మొదటి రెండు నెలల 10 వేలతో మీ ఓవర్‌లాక్ మిషన్ కొనండి. అది వచ్చాక ఐదు నెలలు సైకిల్‌కి, ఆ తర్వాతి పదహారూ లంకావికి. ఈ వరస మారదని మాస్టారికి చెప్పండి.